కరగని రాయికి కప్పిన శాలువా

ముందే చెబుతున్నాను, ఇది చదివాక నా మీద మీకున్న గౌరవం కొంత తగ్గుతుంది. మొదటి నుంచీ గౌరవం లేనివారికి ఆ నష్టం లేదు, హాయిగా చదువుకోవచ్చు. అణు విద్యుత్ కేంద్రాల్లో మిగిలే ప్రమాదకరమైన చెత్తను ఎక్కడ దాచాలా అని ప్రపంచమంతా తల పట్టుకుని కూర్చుంటే, నేను ఒక ఎండాకాలంలో, అండమాన్‌లో, పెద్దగా కష్టపడకుండానే ఆ సమస్య తేల్చేశాను. తేల్చి ఊరుకోకుండా ఊరందరికీ చెప్పాను. మైకు పట్టుకుని కూడా చెప్పాను. అక్కడి నుంచి నా పతనం ఎంత వేగంగా జరిగిందో మీరే చూస్తారు.

నా పేరు నూకరత్నం. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి హోప్ టౌన్‌లో వల వేశాడు, మా నాన్న ఆ వలను ఇంజను పడవ ఎక్కించాడు. నేను మాత్రం రోజూ ఫెర్రీ ఎక్కి హార్బర్ దాటి పోర్ట్ బ్లెయిర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. ఆఖరి ఏడాది ఒక ప్రాజెక్టు చెయ్యాలి. దాని ఫలితాలు నచ్చితే పరిశోధనకు సీటు ఇస్తామని మెయిన్‌ల్యాండ్‌లో ఒక పరిశోధనశాల వాళ్ళు మాట ఇచ్చారు. ఆ సీటు నాకు ఎంత కావాలంటే, రాకపోతే ఏం చేస్తావని అడిగిన స్నేహితురాళ్ళతో మాట్లాడటం మానేశాను. పట్టు పడితే వదలని మనిషిని. మా ఇంట్లో దీన్ని మొండితనం అంటారు, నేను దీక్ష అంటాను.

ప్రాజెక్టు ఏమిటో చెబుతాను, కంగారు పడకండి, వంట చెప్పినంత తేలిగ్గా చెబుతాను. అణుచెత్తను పీపాల్లో పోసి మరిచిపోవడానికి లేదు, దాని వేడీ విషమూ తరాల తరబడి పోవు. భూమిలో కొన్ని ఖనిజాలు మాత్రం యురేనియం లాంటి వాటిని కడుపులో పెట్టుకుని యుగాలుగా కదలకుండా కూర్చున్నాయి. అది చూసి మనుషులు కూడా అలాంటి రాయిని కొలిమిలో కాల్చి తయారుచేసి, చెత్తను అందులో బంధిద్దామనుకున్నారు. పింగాణీకి దూరపు చుట్టం అనుకోండి. అయితే భూమి లోపల నీళ్ళుంటాయి. ఆ నీళ్ళు తగిలితే ఈ రాయి కరుగుతుందా, కరిగితే ఎంత? అసలు ప్రశ్న అంతా అదే.

నా చేతికి వచ్చింది చొక్కా బొత్తామంత బిళ్ళ. కాల్షియం, టైటానియం కలిపి కాల్చిన ఉత్త రాయి, అందులో అణుచెత్త ఏమీ లేదు. దాన్ని ఒక సీసాలో వేసి, టీ గ్లాసుడు డిస్టిల్డ్ వాటర్ పోసి, మూత బిగించి వేడి పెట్టెలో ఉంచాలి. గాజు సీసా పనికిరాదు, గాజు తానూ ఇంతో అంతో కరిగి లెక్క పాడుచేస్తుంది కాబట్టి వేడికి తట్టుకునే ప్లాస్టిక్ సీసా. వారానికోసారి ఆ నీళ్ళు తీసి, రాయిలోంచి ఎంత కాల్షియం దిగిందో కొలిచి, కొత్త నీళ్ళు పోసి మళ్ళీ పెట్టెలో పెట్టాలి. ఇంతకంటే ఏమీ లేదు.

నా గైడు పద్మ మేడమ్, పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్‌లో పుట్టి పెరిగి, దీవుల వాళ్ళందరిలా హిందీ కలిపి మాట్లాడే తెలుగావిడ. సరిగ్గా ఆ నెలలోనే ఆవిడకు దూరాన, దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్‌లో పరీక్షల డ్యూటీ పడింది. బస్సెక్కే ముందు నాకు అప్పగింతలు పెట్టారు.

"దేఖో రత్నం, సింపుల్ కామ్. ప్రతి వారం పూరా నీళ్ళు తీసెయ్యాలి, ఫ్రెష్ నీళ్ళు పొయ్యాలి. రీడింగ్ నాకు ఫోన్‌లో చెప్పు. సొంత తెలివి వాడకు."

"వాడను మేడమ్," అన్నాను.

నిజానికి తెలివి వాడలేదు కూడా. నా చేత ఆ పని చేయించింది తెలివి కాదు, మా అమ్మ పెంపకం.

మా దీవుల సంగతి తెలియని వారికి ఒక మాట. చుట్టూ సముద్రం, సగం ఏడాది వాన, అయినా ఎండాకాలం వచ్చేసరికి కుళాయి రోజు విడిచి రోజు, ఆ తర్వాత దానికే బుద్ధి పుట్టినప్పుడు. అందుకని మా అమ్మ దగ్గర నీళ్ళు ఒక్క ఉద్యోగం చేసి రిటైర్ కావు. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలకు, గిన్నెల నీళ్ళు గుమ్మానికి, గుమ్మం దగ్గర మిగిలినవి మునగ చెట్టుకు. నేను చిన్నప్పుడు గ్లాసులో అడుగున మిగిలిన నీళ్ళు బయటికి విసిరితే అమ్మ వంటింట్లోంచే వినేది. చుక్క నేల మీద పడిన చప్పుడు ఆవిడ చెవికి ఎలా చేరేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

"ఒలే రత్నం, ఏటి పారబోసినావు?"

"ఏటీ లేదే. కొంచెమే."

"కొంచెఁవా? ఆ కొంచెం కోసం నేను బాల్టీ అట్టుకుని పొద్దున్నుంచి లైన్లో నిలబడ్డానే. తాగలేకపోతే మొక్కకి పొయ్యి, మొక్కకి వద్దంటే కాళ్ళు కడుక్కో. నేల మీద మాత్రం పొయ్యకు."

ఇలా పెరిగిన పిల్ల మొదటి శనివారం ల్యాబులో సింకు ముందు నిలబడింది. చేతిలో సీసా. కొలవడానికి ఒక చెంచాడు తీశాను, మిగతా నీళ్ళు అద్దంలా ఉన్నాయి. వంచబోయాను. చెయ్యి వంగలేదు. పక్కనే ల్యాబు అటెండరు తిర్కీ భయ్యా నిలబడి చూస్తున్నాడు. రాంచీ నుంచి వచ్చి దీవుల్లో స్థిరపడ్డ కుటుంబం, మా బస్తీ వాళ్ళతో తిరిగి తెలుగు నేర్చుకున్నాడు. డిస్టిల్డ్ వాటర్ క్యానుకు కాపలా ఆయనే. కుళాయి వచ్చిన రోజే ఆ నీళ్ళు కాచాలి, కాబట్టి ఆ క్యానును ఆయన సొంత బిడ్డలా చూసుకునేవాడు.

"దీదీ, ఇంత సాఫ్ నీళ్ళు పారేస్తావా?" అన్నాడు, గొంతులో నిజమైన బాధతో.

"పారెయ్యమనే చెప్పారు భయ్యా."

"మేడమ్ మాట మేడమ్‌ది. క్యాన్‌లో పానీ మాత్రం అడుక్కి వచ్చింది, దేఖో."

చూశాను. అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. ఆ మెరుపును అక్కడే ఆర్పేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నీళ్ళలో కాల్షియం ఎంతుందో కొలిచేశాను కదా, అవే నీళ్ళు మళ్ళీ పోస్తే మాత్రం ఏం? వచ్చే వారం కొలిచినదాంట్లోంచి ఈ వారం అంకె తీసేస్తే కొత్తగా కరిగింది ఎంతో తేలిపోతుంది. తీసివేతలు రెండో తరగతిలోనే నేర్చుకున్నాం. పాత నీళ్ళు సీసాలోకి తిరిగి పోసి, తగ్గిన చెంచాడు మాత్రం కొత్తవి కలిపి మూత బిగించాను. తిర్కీ భయ్యా నన్ను తన సొంత చెల్లెల్ని చూసినట్టు చూశాడు.

రెండో వారం కాల్షియం కాస్త పెరిగింది. మూడో వారం చాలా కొంచెం పెరిగింది. ఆ తర్వాతి వారం పెరగలేదు. ఇంకో వారం ఆగాను, అప్పుడూ అదే అంకె. తీసివేత చేస్తే సున్నా. యంత్రం తుడిచి మళ్ళీ కొలిచాను, మళ్ళీ సున్నా. నా రాయి కరగడం ఆపేసింది. కాగే నీళ్ళలో వారాల తరబడి కూర్చుని, ఇక కరగనని భీష్మించుకుంది. ఇంతకాలం ప్రపంచం వెతుకుతున్నది నా సీసాలో దొరికింది.

మేడమ్‌కు ఫోన్ చేశాను. డిగ్లీపూర్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది.

"మేడమ్, రీడింగ్ జీరో."

"జీరోనా? యంత్రం ఆన్ చేశావా?"

"చేశాను మేడమ్. రెండుసార్లు చూశాను. రాయి కరగడం బంద్ అయిపోయింది."

"అలా బంద్ కాదు రత్నం. తగ్గుతుంది, అంతే. నీళ్ళు మారుస్తున్నావు కదా?"

సరిగ్గా ఆ ముక్క దగ్గర సిగ్నల్ పోయింది. తిరిగి వచ్చేసరికి ఆవిడ, "నేను వచ్చాక చూస్తాను, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు," అంటున్నారు. సరే మేడమ్ అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఒక్క మా అమ్మకు మాత్రమే చెప్పాను.

అమ్మకు చెప్పడం ఎవరికీ చెప్పకపోవడం కిందికే వస్తుందని నేను అనుకున్నాను. అమ్మ పొద్దున్నే చేపల తట్టతో ఫెర్రీ ఎక్కింది. ఫెర్రీ అవతలి ఒడ్డు చేరేలోపల నా రాయి పడవంతా తిరిగింది. మధ్యాహ్నానికి జెట్టీ దగ్గర ఒకాయన నన్ను ఆపి, ఆ కరగని రాయితో వల మునగడానికి కట్టే గుళ్ళు చేయిస్తే ఎన్నాళ్ళు వస్తాయని అడిగాడు. మా పక్కింటావిడ రుబ్బురోలు ఒకటి ఇప్పించమంది. సాయంత్రానికి మా బస్తీ తెలుగు సంఘం ప్రెసిడెంటు అప్పలనర్సయ్య బాబాయ్ మా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"అమ్మాయ్, ఆదివారం నీకు సన్మానం," అన్నాడు.

"ఇప్పుడే వద్దు బాబాయ్. మేడమ్ రావాలి, చూడాలి."

"ఆవిడ శనివారం దిగుతాది, నేను ఫోన్ సేసి కనుక్కున్నాను. ఆవిడే చీఫ్ గెస్ట్. శాలువా కూడా తెచ్చీసినాం. ఇంక నువ్వు కాదంటే ఆ శాలువా ఎవుడికి కప్పుతాం సెప్పు?"

సరే అన్నాను. నిజం చెప్పాలి కదా, శాలువా రంగు ఏమిటో తెలుసుకోవాలని నాకు లోపల తెగ ఆరాటంగా ఉంది.

ఆదివారం సాయంత్రం సంఘం షెడ్డు ముందు కుర్చీలు వేశారు. మైకు కూత పెట్టింది, ఆగింది, మళ్ళీ కూత పెట్టింది. శాలువా నీలం రంగు. మేడమ్ ప్రయాణపు బడలికతోనే వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ ముఖంలో అనుమానం ఉంది, దాన్ని నేను అలసట అనుకున్నాను. బాబాయ్ శాలువా కప్పి, మన గంగపుత్రుల ఆడపిల్ల అణుబాంబుకే మూత పెట్టిందని ప్రకటించాడు. బాంబు కాదు చెత్త అని నేను చెవిలో చెప్పాను. చెత్త అనే మాట సన్మానంలో బాగుండదని ఆయన నా చెవిలో చెప్పాడు.

తర్వాత మైకు నా చేతికి వచ్చింది. మైకు చేతికి వస్తే నేను వేరే మనిషినని ఆ రోజే తెలిసింది. రాయి గురించి చెప్పాను, వేడి పెట్టె గురించి చెప్పాను, సున్నా గురించి ఆగి ఆగి చెప్పాను. జనం మర్యాదగా విన్నారు. ఒకరిద్దరు ఆవలించారు. ఇలా కాదని గొంతు పెంచి అన్నాను:

"ఇంకో మాట చెబుతాను. కుళాయి ఎన్ని రోజులకు వస్తుందో మీకు తెలుసు. ఈ ప్రయోగం మొదలైన దగ్గర్నుంచి ఈ రోజు వరకు, నేను ఆ ల్యాబులో ఒక్క చుక్క నీళ్ళు పారబోయలేదు. పోసిన నీళ్ళే మళ్ళీ పోశాను. అవే నీళ్ళతో ఇంత ప్రయోగం చేశాను."

చప్పట్లతో షెడ్డు రేకులు అదిరాయి. ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. తిర్కీ భయ్యా వెనక వరసలోంచి ఈల వేశాడు. మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ పక్కవాళ్ళకు, "నానే నేర్పినాను," అని చెబుతోంది. నా జీవితంలో అన్ని చప్పట్లు మళ్ళీ వినలేదు. ఆ హోరులో మేడమ్ నా మోచెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగారు.

"మళ్ళీ చెప్పు. నీళ్ళు పారబోయలేదా?"

"లేదు మేడమ్," అన్నాను, ఇంకో శాలువా కోసం ఎదురుచూస్తున్న దానిలా.

"అన్ని వారాలూ అవే నీళ్ళా?"

"అవే మేడమ్. తీసివేత చేశాను కదా."

ఆవిడ నవ్వుతున్న ముఖం జనం వైపు, గొంతు మాత్రం నా వైపు పెట్టి మాట్లాడారు. "పిల్లా, విందులో కడుపు నిండినవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వంటింట్లో అన్నం అయిపోయినట్టా? నీ నీళ్ళకి కడుపు నిండింది. ఇంక కాల్షియం పట్టదు. కరగడం ఆగింది రాయి గొప్పవల్ల కాదు, నీళ్ళకి చోటు లేక. కొత్త నీళ్ళు పోసి చూడు, మళ్ళీ కరుగుతుంది."

నా ఒళ్ళంతా చల్లబడింది. శాలువా ఉంది కాబట్టి బయటికి తెలియలేదు.

"అంటే మొత్తం తప్పేనా మేడమ్?"

"పూరా తప్పు కాదు. భూమిలో నీళ్ళు కదలకుండా నిలిచిపోయిన చోట రాయి ఇలాగే ఉంటుంది, అది మంచి సంగతే. కానీ నీళ్ళు పారే చోట ఎంత పోతుందో చెప్పు అని పరిశోధనశాల వాళ్ళు అడిగారు. నువ్వు నిలవ నీళ్ళ జవాబు రాశావు. ఇది పంపితే నీ సీటు గోవిందా."

బాబాయ్ అప్పుడే మేడమ్‌ను రెండు మాటలు మాట్లాడమని పిలిచాడు. ఆవిడ లేచి, రత్నం చాలా కష్టపడే పిల్ల, ఇంకా కష్టపడబోతోంది, అని కూర్చున్నారు. అందరూ దాన్ని ఆశీర్వాదం అనుకున్నారు.

ఆ రాత్రి కాసేపు ఏడ్చిన మాట నిజం. పొద్దున్న లేచాక మాత్రం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, నా మీదే. ఫలితాలు పంపే గడువుకు ఇంకా కొన్ని వారాలున్నాయి. మొదటి నుంచి చేస్తే సరిగ్గా సరిపోతుంది, ఒక్క వారం పోయినా సరిపోదు. విడిగా దాచిన రెండో బిళ్ళ ఉంది. చేసి తీరతాను అనుకున్నాను. మొదటి ఫెర్రీకే వెళ్ళి ల్యాబు తలుపు దగ్గర తాళం కోసం నిలబడ్డాను. కుళాయి వచ్చే రోజు కనుక్కుని నేనే బకెట్లు మోశాను, నేనే డిస్టిల్డ్ వాటర్ కాచాను. జెట్టీలో ఎవరైనా రాయి ఎలా ఉందని అడిగితే, దానికి ఒంట్లో బాగోలేదని చెప్పి నడిచిపోయాను.

వారం గడిచింది. నీళ్ళు మార్చాల్సిన శనివారం వచ్చింది. చెంచాడు తీసి కొలిచాను. సీసా పట్టుకుని సింకు ముందుకు వెళ్ళాను. నా సీటు, నా పరువు, రెండూ ఈ టీ గ్లాసుడు నీళ్ళు పారబోయడం మీద ఉన్నాయని తెలుసు. అయినా నా చెయ్యి నా మాట వినలేదు.

"భయ్యా, నువ్వు పొయ్యవా?" అని సీసా అందించాను.

తిర్కీ భయ్యా సీసా తీసుకున్నాడు, సింకు వైపు చూశాడు, క్యాను వైపు చూశాడు, సీసా నాకే తిరిగి ఇచ్చాడు. "దీదీ, యాసిడ్ పొయ్యమను పోస్తాను. ఇది నా వల్ల కాదు."

ఇద్దరం సింకు ముందు చాలాసేపు నిలబడ్డాం. మేడమ్ లోపలికి వచ్చి మా ఇద్దర్నీ చూసి నుదురు కొట్టుకున్నారు.

"ఇంత చదువుకుని గ్లాసుడు నీళ్ళు పారబోయలేవా? ఇటు తే," అని సీసా లాక్కున్నారు. సింకు మీద పెట్టారు. వంచారు, కొద్దిగా. ఆగారు. లంబాలైన్‌లో ఆవిడ ఇంటి బాత్రూములో ఎన్ని నీళ్ళ డ్రమ్ములున్నాయో నేను చూశాను. ఆవిడ మా ఇద్దరి వైపు చూడకుండా గొంతు సవరించుకున్నారు.

"ప్రయోగానికి కావలసింది నీళ్ళు సీసాలోంచి పోవడం. ఎక్కడికి పోయాయన్నది ప్రయోగానికి అనవసరం. వరండాలో క్రోటన్ మొక్క ఉంది, దానికి పొయ్యి."

అలా నా ప్రయోగం గట్టెక్కింది. ప్రతి శనివారం పాత నీళ్ళు పూర్తిగా క్రోటన్‌కు, కొత్త నీళ్ళు పూర్తిగా సీసాలోకి. కాల్షియం ప్రతి వారం దిగుతూనే ఉంది. మొదట ఎక్కువ, తర్వాత తక్కువ, ఇంకా తక్కువ, కానీ ఏ వారమూ సున్నా కాదు. కాల్షియం పోయిన చోట రాయి పైన టైటానియం ఒక పొరలా మిగిలి, లోపలి రాయికి కాస్త అడ్డం పడుతుందని మేడమ్ చెప్పారు. అందుకే ఆ రాయి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా కరుగుతుంది. కరుగుతుంది, అంతే. గడువు రోజు సాయంత్రం అంకెలన్నీ పంపేశాను.

తర్వాత బాబాయ్ ఇంటికి వెళ్ళి, రాయి కరుగుతుంది బాబాయ్ అని చెప్పి శాలువా ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని మళ్ళీ మడత పెట్టి నా చేతిలో పెట్టాడు.

"జనం సప్పట్లు కొట్టింది రాయికి కాదులే అమ్మా, నీల్లకి. అది అబద్ధం కాదు కదా. తీసుకెల్లిపో."

పరిశోధనశాల వాళ్ళు వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ పెట్టారు. తెర మీద ముగ్గురు పెద్దమనుషులు, ఇటు నేను, కెమెరాకు కనబడకుండా పక్కన మేడమ్. అడగాల్సినవన్నీ అడిగారు, చెప్పాల్సినవన్నీ చెప్పాను. చివర్లో మధ్యలో కూర్చున్నాయన కళ్ళజోడు తీసి, "ఒక్క ముక్కలో చెప్పమ్మా, నీ రాయి కరుగుతుందా, కరగదా?" అన్నారు.

వారాల తరబడి నోట్లో నానిన జవాబు, ఆపుకోలేకపోయాను.

"నీళ్ళు మారుస్తూ ఉంటే కరుగుతుంది సార్. మార్చకపోతే సన్మానం చేస్తారు."

మేడమ్ కుర్చీలోంచి కిందికి జారిపోయారు. తెర మీద ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొత్తం కథ చెప్పమన్నారు, చెప్పాను. ఆ కళ్ళజోడాయన నవ్వు ఆపుకోవడానికి మైకు మ్యూట్ చేశారు, భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. తప్పు ఎక్కడ జరిగిందో ఇంత వివరంగా తెలిసిన వాళ్ళు తమకు కావాలని చెప్పి సీటిచ్చారు.

ఇప్పుడు ఆ పరిశోధనశాలలోనే పని చేస్తున్నాను. ఇక్కడ కుళాయి రోజంతా వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కాబట్టి మీ అందరి సాక్షిగా, కుడి చెయ్యి పైకెత్తి, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రయోగంలోనూ వాడిన నీళ్ళు తిరిగి సీసాలో పోయను, సున్నా కనబడితే ముందు రాయిని కాక నన్ను అనుమానిస్తాను, మేడమ్ రాకముందు మైకు ముట్టుకోను. నీళ్ళు సింకులో పారబోస్తానని మాత్రం ప్రమాణం చెయ్యలేను. మా ల్యాబు కిటికీలో ఇప్పుడు పదకొండు కుండీలున్నాయి.